కడప నుంచి క్రూజ్‌కు: మొదటిసారి ఓడ ఎక్కే కుటుంబం కోసం

మా అమ్మను, నాయనను, పెద్దమ్మను సింగపూర్ నుంచి నాలుగు రాత్రుల ఓడ ప్రయాణానికి తీసుకెళ్లాను. ముగ్గురూ అరవై దాటినవాళ్లే. అంతకుముందు వాళ్లు ఎక్కిన పడవ అంటే మైలవరం డ్యాములో అరగంట తిరిగిన బోటు ఒక్కటే. వచ్చినాక ప్రొద్దుటూరులో, కడపలో చుట్టాలందరూ ఒకటే అడిగారు: మేమూ పోవాలంటే ఏం చేయాలి? ఒక్కొక్కరికి ఫోనులో చెప్పిందంతా ఇక్కడ వరుసగా రాస్తున్నాను. ఓడ ఎక్కాక అంతా వాళ్లే చూసుకుంటారని చాలామంది అనుకుంటారు. అది కొంతవరకే నిజం. ఎక్కకముందు రెండు నెలల్లో మీరు చేసే పనులు, ఎక్కిన మొదటి మూడు గంటలు, ఈ రెండూ సరిగ్గా ఉంటే మిగతా రోజులు హాయిగా జరిగిపోతాయి.

ముందు ఏ సముద్రం, ఏ నెల అన్నది తేల్చుకోండి

ధర చూసి ఓడను ఎంచుకోవద్దు, నెల చూసి ఎంచుకోండి. మనకు దగ్గర చెన్నై రేవు. కార్డీలియా అనే కంపెనీ ఓడ కొన్ని నెలల్లో చెన్నై నుంచి శ్రీలంక వైపు తిరుగుతుంది. విశాఖ నుంచి పుదుచ్చేరి మీదుగా చెన్నైకి కూడా నడిపారు. రెండో దారి సింగపూర్. చెన్నై నుంచి విమానంలో నాలుగు గంటలు, అక్కడి నుంచి మలేషియా, థాయ్‌లాండ్ రేవులకు పెద్ద ఓడలు దాదాపు ఏడాదంతా ఉంటాయి.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో తుపానుల కాలం. మన కోడూరు, రాజంపేట వైపు వానలు దంచేది కూడా ఆ రోజుల్లోనే కదా, ఆ వాయుగుండాలన్నీ పుట్టేది ఆ నీళ్లలోనే. మొదటిసారి పోయేవాళ్లు, అందులోనూ పెద్దవాళ్లతో పోయేవాళ్లు ఆ నెలల్లో చెన్నై నుంచి ఓడ పెట్టుకోవద్దని నా సలహా. జూన్ నుంచి సెప్టెంబరు దాకా అరేబియా సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది. సింగపూర్ నుంచి మలేషియా రేవులు పెనాంగ్, పోర్ట్ క్లాంగ్ వైపు పోయే దారి మలక్కా జలసంధిలో ఉంటుంది. ఒక పక్క మలేషియా, ఇంకో పక్క సుమత్రా అడ్డుగా ఉండడం వల్ల పెద్ద అలలు తక్కువ. నేను అమ్మావాళ్లకు ఆ దారి తీసుకున్నది ఇందుకే.

చూపించే ధర ఒక గదిలో ఇద్దరు ఉంటే ఒక్కో మనిషికి పడేది. రేవు చార్జీలు, పన్నులు, సేవా రుసుము విడిగా ఉంటాయి. సేవా రుసుము అంటే సిబ్బందికి ఇచ్చే టిప్పు, చాలా అంతర్జాతీయ ఓడల్లో రోజుకు మనిషికి 15 నుంచి 20 డాలర్ల దాకా మన బిల్లులో దానంతట అదే పడుతుంది. నలుగురు నాలుగు రాత్రులు అంటే ఎంతవుతుందో బుక్ చేసేముందే లెక్క వేసుకోండి.

కాగితాలు: ఇక్కడ తొందర వద్దు

మన దేశంలోని రేవుల మధ్యే తిరిగే ఓడకు ప్రభుత్వ ఫోటో గుర్తింపు కార్డు సరిపోతుంది. దేశం దాటితే పాస్‌పోర్టు కావాలి. ప్రయాణం తేదీ నాటికి ఇంకా ఆరు నెలలు గడువు మిగిలి ఉండాలి. కొత్తది కావాలంటే కడపలో పోస్టాఫీసు పాస్‌పోర్టు సేవా కేంద్రం ఉంది. అక్కడ తేదీ దొరక్కపోతే తిరుపతి కేంద్రం చూడండి. పోలీసు విచారణకు ఇంటికొచ్చే సమయం కూడా కలుపుకుని కనీసం రెండు నెలల ముందు మొదలుపెట్టండి.

మనవాళ్లకు ఎక్కువగా వచ్చే చిక్కు పేరు దగ్గర. ఆధార్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది. టికెట్ తీసేవాళ్లు ఆధార్ చూసి పేరు టైపు చేసేస్తారు. ఓడ టికెట్టు, విమానం టికెట్టు, వీసా మూడింటిలోనూ పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే అక్షరం మారకుండా ఉండాలి. మా పెద్దమ్మ పేరు చివర ‘అమ్మ’ విడిగా పడింది. రేవులో ఆపుతారేమోనని వారం ముందే ఏజెంటుతో దిద్దించాం.

సింగపూర్ వీసా అడిగేటప్పుడు ఒకటికి మించి సార్లు లోపలికి రానిచ్చే వీసా అని స్పష్టంగా చెప్పండి. ఓడ ఎక్కితే మీరు సింగపూర్ వదిలి పోయినట్టే లెక్క, తిరిగి దిగితే రెండోసారి వచ్చినట్టు. ఒక్కసారికే వీసా ఉంటే ఓడ ఎక్కనివ్వరు. సింగపూర్‌లో దిగేముందు మూడు రోజుల లోపల నింపే అరైవల్ కార్డు ఉచితం. దానికి డబ్బు అడిగే వెబ్‌సైటు కనబడితే మూసేయండి. ఓడ ఆగే ప్రతి దేశం నియమం విడిగా చూసుకోండి. ఇవి తరచూ మారతాయి కాబట్టి పోయిన సంవత్సరం పోయివచ్చిన బంధువు మాట మీద ఆధారపడొద్దు.

గర్భిణులు ప్రయాణం ముగిసేలోపు 24వ వారంలోకి వస్తుంటే చాలా ఓడలు ఎక్కించుకోవు. ఆరు నెలల లోపు పసిబిడ్డలనూ అంతే. ప్రయాణ బీమా తప్పకుండా తీసుకోండి. ఓడలో డాక్టరు ఉంటారు కానీ ఖర్చు ఎక్కువ. నడిసముద్రం నుంచి రోగిని హెలికాప్టరులో తీసుకుపోవాల్సి వస్తే ఆ బిల్లు ఒక ఇంటి ధరకు పోతుంది. పాలసీలో ‘అత్యవసర తరలింపు’ ఉందో లేదో, పాత బీపీ, షుగరులకు వర్తిస్తుందో లేదో చదివి మరీ కట్టండి.

గది

పైఅంతస్తులో, ముందువైపు గది అంటే గొప్ప అనుకుంటాం. ఊపు ఎక్కువ తెలిసేది అక్కడే. ఎద్దులబండిలో ఇరుసు మీద కూర్చున్నవాడికి, తోక దగ్గర వేలాడేవాడికి తేడా ఉండదూ? ఓడలో ఇరుసు అంటే నడిమధ్య, కింది అంతస్తులు. పెద్దవాళ్లకు మధ్యలో, కిందివైపు, లిఫ్టుకు దగ్గరగా ఉండే గది అడగండి.

కిటికీ లేని లోపలి గది చవక. సుమారు 150 చదరపు అడుగులు ఉంటుంది, లైటు ఆర్పితే పగలు కూడా కళ్లు పొడుచుకున్నా కనిపించదు. రాత్రి లేచేవాళ్లు ఉంటే బాత్‌రూం లైటు వేసి తలుపు రోంత తెరిచి పెట్టండి. గుమ్మం దగ్గర చిన్న మెట్టు ఉంటుంది, మా నాయన కాలివేలు దానికే తగిలింది. బాత్‌రూంలో నీళ్ల పైపు ఉండదు, చాలా ఓడల్లో కాగితమే. ఒక చిన్న ప్లాస్టిక్ మగ్గు పెట్టుకుపోండి, ఇంత చిన్న వస్తువు ముగ్గురు పెద్దవాళ్లకు ఎంత ఊరటనిచ్చిందో చెప్పలేను. కాగితం తప్ప ఇంకేదీ కమోడులో వేయొద్దు. అది గాలితో లాగే ఏర్పాటు, ఒక్క గదిలో అడ్డుపడితే ఆ వరుస గదులన్నిటికీ ఆగిపోతుంది.

గోడలు ఇనుము. అయస్కాంతం కొక్కేలు నాలుగు తీసుకుపోతే టోపీలు, సంచులు, తడి తువాళ్లు తగిలించుకోవచ్చు. మన ప్లగ్గులు అక్కడ పట్టవు, అన్ని దేశాలకూ పనికొచ్చే అడాప్టరు ఒకటి కావాలి.

ఏం పెట్టుకోవాలి, ఏం పెట్టుకోకూడదు

ఇది కాస్త పొడుగ్గా చెప్తాను, మా ఇంట్లో జరిగింది కాబట్టి.

ఎక్కిన రోజు సాయంత్రం అందరి పెట్టెలూ గదుల ముందుకొచ్చాయి, అమ్మ పెట్టె మాత్రం రాలేదు. ఏడు దాటినాక తలుపుకు ఒక చీటీ: కింద సెక్యూరిటీ గదికి రండి. పోతే అక్కడ బల్ల మీద అమ్మ పెట్టె తెరిచి ఉంది. అందులోంచి తీసి పక్కన పెట్టినవి: నీళ్లు కాచే కాయిలు, చిన్న కరెంటు కుక్కరు, దీపం కుంది, వత్తులు, అగరబత్తి కట్ట.

‘సంగటి గెలికేదానికి కాదులే నాయనా, రోంత అన్నం వండుకుందామని తెచ్చినా’ అంది అమ్మ. ఆ సెక్యూరిటీ అమ్మాయి నవ్వి, అన్నిటికీ రసీదు రాసిచ్చి, దిగే రోజు తీసుకోమంది.

నేలమీద ఇల్లు కాలితే బయటికి పరిగెత్తవచ్చు, ఓడ కాలితే పరిగెత్తే చోటు లేదు. అందుకే నిప్పు, వేడి పుట్టించే ప్రతిదీ నిషేధం: ఇస్త్రీపెట్టె, కెటిల్, కాయిలు, కుక్కరు, కొవ్వొత్తి, అగరబత్తి. సర్జ్ ప్రొటెక్టర్ ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డు, కత్తి కూడా. కర్పూరం విమానంలోకే రానివ్వరు. గదిలో పూజ చేసుకునేవాళ్లు పటం, కుంకుమ, బ్యాటరీ దీపం పెట్టుకోండి. మా పెద్దమ్మ నాలుగు రోజులూ బ్యాటరీ దీపానికే దండం పెట్టుకుంది.

సింగపూర్ మీదుగా పోయేవాళ్లకు ఇంకో రెండు జాగ్రత్తలు. అక్కడ నమిలే పొగాకు, గుట్కా, ఖైనీ చట్టవిరుద్ధం. ఆకువక్కతో పొగాకు కాడ వేసుకునే జేజిలు ఉంటే ఇంటి దగ్గరే తీసేయించండి, ఒక్క పొట్లం కూడా వద్దు. గసగసాలు కూడా అక్కడ నిషిద్ధ సరుకే. మసాలా పొడి ఇంట్లో కొట్టించినది అయితే అందులో గసాలు పడ్డాయేమో గుర్తు చేసుకుని, అనుమానం ఉంటే వదిలేయండి.

ఇంట్లో వండినవి చాలా ఓడలు లోపలికి రానివ్వవు. కంపెనీ సీలు వేసిన పొట్లాలకు సాధారణంగా అభ్యంతరం ఉండదు. చెనక్కాయల పొడి, పప్పుల పొడి అంగట్లో సీలు వేసిన ప్యాకెట్లలో కొనుక్కోండి. ఓడలో అన్నం, పప్పు, పెరుగు దొరుకుతాయి, దొరకనిది కారం. ఒక్క చెంచా పొడి ఉంటే మన నోరు ఊరుకుంటుంది.

మందులు, కాగితాలు, కళ్లద్దాలు, ఒక జత బట్టలు చేతిసంచిలో ఉండాలి. పెద్ద పెట్టెలు రేవులో తీసేసుకుంటారు, గదికి చేరేది సాయంత్రానికి. మధ్యాహ్నం వేసుకోవాల్సిన బీపీ మాత్ర ఆ పెట్టెలో ఉండిపోతే కష్టం. మందులకు డాక్టరు చీటీ జతగా ఉంచండి. ఇన్సులిన్ వాడేవాళ్లు గదిలోని చిన్న ఫ్రిజ్జును నమ్మకుండా, గది చూసే మనిషిని అడిగి వైద్య విభాగం ఫ్రిజ్జులో పెట్టించండి.

చెప్పుల మాట మరువొద్దు. డెక్కు, అంటే ఓడ మీద ఆరుబయట నడిచే చోటు, తడిగా ఉంటుంది, హవాయి చెప్పులు జారతాయి. వెనక పట్టీ ఉన్న రబ్బరు అడుగు చెప్పులు కావాలి.

ముందురోజే రేవు ఊళ్లో ఉండండి

దీని గురించి నాకు రెండో మాట లేదు. కడప నుంచి చెన్నైకి రాజంపేట, కోడూరు, రేణిగుంట మీదుగా రైలుంది, ఒక పూట ప్రయాణం. పొద్దున రైలెక్కి మధ్యాహ్నం ఓడ ఎక్కేద్దామని లెక్కలు వేయకండి. రైలు ఆలస్యమైతే ఓడ ఆగదు. బయల్దేరే సమయానికి గంట, గంటన్నర ముందే చెకిన్ మూసేస్తారు, తర్వాత వచ్చినవాళ్లకు డబ్బు కూడా తిరిగి రాదు. సింగపూర్ అయితే ఒక రాత్రి అక్కడ నిద్రపోయి, పెద్దవాళ్లు కాళ్లు సాగదీసుకున్నాక మర్నాడు రేవుకు పోవడం మంచిది. గడియారం రెండున్నర గంటలు ముందుకు తిప్పడం మరిచిపోవద్దు.

చక్రాల కుర్చీ కావాలంటే విమానానికీ ఓడకూ విడివిడిగా ముందే చెప్పండి. రేవు భవనంలో నడక చాలా దూరం. ‘నాకెందుకు కుర్చీ, నేను తిరుమల కొండ నడిచి ఎక్కినా’ అని మా నాయన మొండికేశాడు. గంట వరుసలో నిలబడ్డాక తనే అడిగాడు.

ఎక్కగానే

అందరూ ముందు బఫేకు పరిగెడతారు. మీరు ముందు మీ మస్టర్ స్టేషన్ చూసుకోండి. ప్రమాదం జరిగితే మీరు చేరాల్సిన చోటు అది. దాని అక్షరమో నంబరో మీ గది కార్డు మీదే ఉంటుంది. ఇప్పుడు చాలా ఓడల్లో టీవీలోనో ఫోనులోనో వీడియో చూసి, ఆ చోటికి పోయి కార్డు చూపించి రావాలి. ఈ అభ్యాసాన్నే డ్రిల్ అంటారు. ఏడు చిన్న కూతలు, తర్వాత ఒక పొడుగు కూత వినిపిస్తే అది అత్యవసర గంట. లిఫ్టు వాడకుండా మెట్ల మీదుగా ఆ చోటికి పోవాలి.

మా నాయన నిద్రపోతానన్నాడు. లేపి తీసుకుపోయాను. ఎందుకంటే 2012 జనవరి 13న ఇటలీ తీరంలో కోస్టా కాంకోర్డియా బండకు తగిలి ఒరిగిపోయి 32 మంది చనిపోయారు. ఆ సాయంత్రమే ఎక్కిన వందలమందికి అప్పటికింకా డ్రిల్ జరగలేదు, ఎటు పోవాలో తెలియదు. అప్పటిదాకా 24 గంటల్లోపు డ్రిల్ పెడితే చాలు. ఆ ప్రమాదం తర్వాత, ఓడ కదలకముందే లేదా కదిలిన వెంటనే డ్రిల్ జరగాలని అంతర్జాతీయ నియమం మార్చారు. 2015 నుంచి అది అమలులో ఉంది. గది నుంచి ఆ చోటిదాకా అమ్మావాళ్లను ఒకసారి నడిపించి, ఎన్ని తలుపులు దాటాలో లెక్కపెట్టించండి.

పిల్లలున్నవాళ్లు బాల్కనీ తలుపు పైగొళ్లెం వేసి ఉంచండి, రెయిలింగు దగ్గర కుర్చీ ఉండనివ్వొద్దు. ఈతకొలను దగ్గర కాపలా మనిషి చాలా ఓడల్లో ఉండడు, మీరే ఉండాలి.

కడుపు తిప్పితే

రాత్రి పదిన్నరకు పెద్దమ్మ మంచం అంచు పట్టుకుని ‘ఏందిరా ఇది, నేల కదల్తాంది’ అంది. చెవి లోపలి భాగం కదులుతున్నామని చెప్తుంది, కన్ను గది గోడను చూసి కదలడం లేదంటుంది. ఆ తగాదాకే కడుపు తిప్పేది. అందుకే గదిలో పడుకుని ఫోను చూస్తే ఇంకా ఎక్కువవుతుంది. డెక్కు మీదికి తీసుకుపోయి, నీళ్లూ ఆకాశమూ కలిసే గీతను చూడమన్నాను. చీకట్లో దూరాన చేపల పడవల దీపాల వరుస కనబడింది, దాన్నే చూస్తూ కూర్చుంది. అరగంటకు తేరుకుంది.

మాత్ర వేసుకునేవాళ్లు ఓడ ఊగాక వేసుకుంటే లాభం తక్కువ, గంట ముందే వేసుకోవాలి. అవొమిన్ లాంటివి మగత తెస్తాయి. కంటి నీటికాసులు (గ్లకోమా), ప్రోస్టేటు ఇబ్బంది ఉన్నవాళ్లు కడపలోనే డాక్టరును అడిగి తీసుకోండి. సొంఠి, అల్లం మురబ్బా చాలామందికి పనిచేస్తాయి. ఖాళీ కడుపు మంచిది కాదు, నిండు కడుపు అంతకంటే మంచిది కాదు. బిస్కెట్టో బ్రెడ్డో కొద్దికొద్దిగా తినండి.

వాంతులతో పాటు విరేచనాలు ఉంటే అది ఊపు వల్ల కాదు. నోరోవైరస్ కావచ్చు, ఓడల్లో చాలా వేగంగా అంటుకుంటుంది. దాచకుండా వైద్య విభాగానికి చెప్పండి. బఫే గుమ్మం దగ్గర ఇచ్చే శానిటైజరు ఈ వైరస్‌ను సరిగా చంపదు. సబ్బుతో నీళ్ల కింద కడుక్కోవాలి, తినేముందు ప్రతిసారీ. చేత్తో తినే మనకు ఇది ఇంకా ముఖ్యం.

తిండి, ఫోను, లెక్క

శాకాహారమో జైన భోజనమో బుకింగులోనే రాయించి, మొదటి రాత్రి వడ్డించే మనిషికి మళ్లీ చెప్పండి. వెజిటబుల్ సూపులో చికెన్ నీళ్లు వాడతారు, చేపల సాసు చాలా వంటల్లో పడుతుంది. అడిగితే విసుక్కోరు. రెండో రోజుకే మా వడ్డనాయన అడక్కుండానే పచ్చిమిరపకాయలు తరిగి గిన్నెలో తెచ్చి పెట్టాడు.

ఓడ రేవు వదలగానే ఫోను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టండి, అందరివీ, మరీ ముఖ్యంగా పెద్దవాళ్లవి. లేకుంటే ఓడలోని సొంత నెట్‌వర్క్‌కు తగులుకుంటుంది. మామూలు రోమింగు ప్యాకు దానికి వర్తించదు, వచ్చిన కాల్ ఎత్తినా బిల్లు వేలల్లో వస్తుంది. వాట్సాప్ కావాలంటే వైఫై ప్యాకేజీ ఒక్కటి కొని పంచుకోండి.

ఓడలో నగదు నడవదు, అంతా గది కార్డు మీదే. దానికి జోడించే బ్యాంకు కార్డులో అంతర్జాతీయ లావాదేవీలు ఇక్కడే ఆన్ చేయించుకోండి. డెబిట్ కార్డు అయితే ముందస్తుగా కొంత సొమ్ము పట్టి ఉంచుతారు, అది వదలడానికి రోజులు పడుతుంది. క్రెడిట్ కార్డు మేలు. రోజూ రాత్రి టీవీలోనే లెక్క చూసుకోండి. మాకు తాగని రెండు కూల్‌డ్రింకులు పడ్డాయి, అప్పుడే చెప్తే అప్పుడే తీసేశారు.

రేవులో దిగినప్పుడు

ఓడ గడియారం, ఊరి గడియారం ఒకటి కాకపోవచ్చు. ‘ఓడ సమయం’ ఏదో దిగేముందు అడిగి చేతి గడియారంలో అదే పెట్టుకోండి. ఫోను దానంతట అది మారిపోతుంది, నమ్మొద్దు. ఓడవాళ్ల టూరు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది. మీరే టాక్సీ మాట్లాడుకుని పోతే ఆగదు. చెప్పిన సమయానికి గంటన్నర ముందే రేవులో ఉండేట్టు చూసుకోండి. రోజూ గదికి వచ్చే కాగితంలో రేవు ఏజెంటు ఫోను నంబరు ఉంటుంది, దాన్ని ఫోటో తీసుకోండి.

చివరి రాత్రి

పెద్ద పెట్టెలకు వాళ్లిచ్చిన ట్యాగు కట్టి రాత్రి గది బయట పెట్టాలి. ఇక్కడ అందరూ చేసే పొరపాటు, బట్టలన్నీ అందులో సర్దేయడం. పొద్దున లేచి చూస్తే ఒంటిమీది నైటీ తప్ప ఏమీ ఉండదు. మా పక్క గది ఆవిడ అలాగే మా అమ్మ చీర కట్టుకుని దిగింది. మర్నాటి బట్టలు, చెప్పులు, మందులు, పాస్‌పోర్టు ముందే విడిగా తీసి కుర్చీలో పెట్టాకే పెట్టె మూయండి. సెక్యూరిటీ దగ్గర పెట్టిన వస్తువుల రసీదు కూడా ఆ కుర్చీలోనే ఉండాలి.

దిగాక ఒకటి రెండు రోజులు నేల ఊగినట్టు ఉంటుంది. అది మామూలే. చెన్నై నుంచి రైలులో వస్తుంటే రేణిగుంట దాటినా మా అమ్మ బెర్తు కడ్డీ పట్టుకునే కూర్చుంది. ఆ రెండు రోజులు పెద్దవాళ్లను మేడమెట్లు ఒంటరిగా ఎక్కనివ్వకండి, మీరు బండి నడపకండి. వారం దాటినా తగ్గకపోతే చెవి డాక్టరుకు చూపించండి.